ఆర్పని కర్పూరం

రాజోలు,
జులై 28.

రత్నమాల వదినగారికి,

మీ మరదలు చిట్టి వందనాలు చెప్పి రాస్తున్నది. ముందుగా నా రాతను క్షమించండి. ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక కొన్నిచోట్ల మానేశాను. అక్షరాలు గీత మీద నిలబడటం లేదు. విసుక్కోకుండా కూడబలుక్కుని చదవండి.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటారు. మీ తమ్ముడు రోజూ అన్నం తినగానే నా ఫోన్ తీసుకుని, వచ్చిన మెసేజీలన్నీ చదివి, అక్కర్లేనివి తీసేసి నా చేతికిస్తారు. అనుమానంతో కాదు. చదవని మెసేజి ఒక్కటి మిగిలినా ఆయనకు మనసు నిలవదు. మాట్లాడదామంటే ఉన్నది ఒకటే గది. అందుకని కుట్టు మిషన్ నేర్చుకునే చోట కూర్చుని రాస్తున్నాను. జవాబు కూడా ఇక్కడికే, మిషన్ నేర్పే సూరమ్మ గారి పేరు మీద రాయండి. సూరమ్మ గారి భర్త కృపారావు గారు మీ తమ్ముడితో పాటు మలికిపురంలో జగ్గారావు గారి కొబ్బరి కొట్టులోనే పని చేస్తారు.

సంగతేమిటంటే, కొట్టులో మీ తమ్ముడి మీద దొంగ అన్న మాట పడింది.

ఆయన పని మీకు తెలుసు కదా. అటక మీద నెలల తరబడి ఎండబెట్టిన కాయలను చెవి దగ్గర ఊపి చూసి, లోపల నీళ్ళు ఇంకి ఎండు కురిడీ తయారైందో లేదో చెప్పడం. చెవుల్లో దూది పెట్టుకుని తిరిగే మనిషి, కాయ ఊపేటప్పుడు మాత్రమే దూది తీస్తారు. ఆయన తయారైందన్న కాయ పగలగొడితే ఇంతవరకు తప్పు పోలేదని షావుకారు గారే అనేవారు.

పోయిన నెల ఎక్కడో పైరాష్ట్రం నుంచి ఒక సేటు సరుకు చూడటానికి వచ్చాడట. షావుకారు గారు, "రాశి అంతా తయారైందండి, కళ్ళు మూసుకుని ఎత్తించుకోండి" అన్నారట. సేటు పక్కనే ఉన్న మీ తమ్ముడిని చూసి నిజమేనా అని అడిగాడు. ఈయన, "కుడివైపుది తయారైందండి. ఎడమవైపుది అవలేదండి, ఇంకా నెలన్నర పడతాదండి" అన్నారు. సేటు ఎడమవైపు రాశి వదిలేసి వెళ్ళాడు. వెళ్తూ ఈయన చేతిలో తన పేరున్న అట్ట ముక్క ఒకటి పెట్టాడు. మర్నాడు ఆ అట్ట ఏడుకొండలు అనే పనివాడికి ఈయన చొక్కా జేబులో కనబడింది. ఇంకేముంది, సేటు దగ్గర కమీషను తిన్నాడని కొట్టంతా పాకింది. ఎందుకు దాచుకున్నారని నేనడిగితే, "దాచుకోలేదు. ఇచ్చేడు, జేబులో పెట్టేను" అన్నారు.

నేను చేసిన పని కూడా చెబుతాను. నిజంగా ఏమైనా తీసుకున్నారేమోనని ఆయన లేనప్పుడు పెట్టె తీశాను. చొక్కాల మీదే ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం ఉంది. అంతా ఇంగ్లీషు. ఆయన పేరు, మీరు పని చేసే ఆసుపత్రి పేరు పోల్చుకున్నాను. కింద మీ సంతకమూ ఉంది. పెద్దక్షరాలున్న మాటను ఒక్కొక్క అక్షరం ఫోన్లో కొడితే అది ఆటిజం అని చదివింది. దాని గురించి తెలుగులో చెప్పినవి రెండు విని, ఆయన రాకముందే చెరిపేశాను. వింటుంటే ఎవరో మా ఇంట్లో వారం రోజులుండి చూసి వెళ్ళి చెప్పినట్టుంది. వదినగారూ, పెళ్ళైన మొదటి నెలల్లో ఆయన నా మొహంలోకి చూడకపోతే నేను నచ్చలేదనుకుని ఎన్నిసార్లు ఏడ్చానో మీకు తెలియదు.

ఇప్పుడు నేనడిగేది ఒక్కటే. ఈ కాగితం షావుకారు గారికి చూపిస్తే, ఇలాంటి మనిషి కమీషను తిని అబద్ధాలాడడని నమ్ముతారా? లేక ఇలాంటి మనిషి మాకొద్దని పంపేస్తారా? మీకు చదువుంది. చెప్పండి.

మీ మరదలు,
చిట్టి.


విశాఖపట్నం,
ఆగస్టు 6.

చిట్టికి,

నీ ఉత్తరం చేరింది. నీ రాత బాగానే ఉంది, బెంగపడకు.

ఆ కాగితం నిజమే. జీవన్‌కు ఇరవై రెండేళ్ళప్పుడు మా ఆసుపత్రిలో పెద్ద డాక్టరు గారికి చూపించాను. అది జబ్బు కాదమ్మా. పుట్టుకతో వచ్చిన తీరు. మందులేమీ ఉండవు. నువ్వు అనుకున్నట్టు వాడు అబద్ధం ఆడలేడని కాదు. ఎదుటివాళ్ళు దేనికి ఆడతారో వాడికి అర్థం కాదు, అంతే. చెవి విషయం నీకు తెలిసిందే. నువ్వు వాడిని బాగా చూసుకుంటున్నావు. నాకు తెలుసు.

కానీ షావుకారుకు మాత్రం చెప్పొద్దు. మనవైపు వాళ్ళకు ఇలాంటి వాటికి ఒకే ఒక్క మాట తెలుసు, పిచ్చి అని. అమలాపురంలో మందుల షాపులో వాడు ఎనిమిది నెలలు చేశాడు. అక్కడ మంచివాళ్ళే కదా అని నేనే యజమానికి చెప్పాను. మర్నాడే పని మాన్పించేశారు. చెప్పేది ఒక్క నిమిషం. తర్వాత ఆ మాట వెనక్కి రాదు. ఎవరికీ చెప్పొద్దు.

దొంగ అన్న మాట నాలుగు రోజులుంటుంది, పోతుంది. వాడు చేసే పని ఇంకొకరు చేయలేరని జగ్గారావు గారికి తెలుసు. వదులుకోరు.

ఇంతకీ ఈ సంగతి సూరమ్మకు తెలుసా? కాగితం ఇంకెవరైనా చూశారా? ఈ మధ్య మన కుటుంబం గురించి అడుగుతూ కొత్తవాళ్ళెవరైనా మీ వీధిలోకి వచ్చారా? వస్తే నువ్వేమీ మాట్లాడకు, నాకు ఫోన్ చెయ్యి. ఎవరికీ చెప్పొద్దు.

నీ వదిన,
రత్నమాల.


రాజోలు,
సెప్టెంబరు 17.

వదినగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన కొద్దీ నాకు నెమ్మది కాకపోగా ఇంకేదో అయింది. మీరు పెద్దవారు, తప్పుగా అనుకోకండి.

మీ తమ్ముడి గురించి మీరడిగింది తక్కువ. కాగితం ఎవరు చూశారు, ఎవరొచ్చారు, ఎవరడిగారు, అదే ఎక్కువ. మా వీధిలోకి కొత్తవాళ్ళు ఎందుకొస్తారండి? మేము ఎవరికి కావాలి?

ఇంకొకటి. మొన్న ఆయన భోంచేస్తుంటే మామూలుగా అడిగినట్టు అడిగాను. "అమలాపురం మందుల షాపులో ఎందుకు మానేసేరు?" అన్నాను. "షాపు ఎత్తేసేరు. ఓనరు గారు కాకినాడ వెళ్ళిపోయేరు. వెళ్తూ నాకు గొడుగు ఇచ్చేరు" అన్నారు. ఆ గొడుగు మా తలుపు వెనకే ఉంది. పని మాన్పించినవాడు గొడుగు ఇచ్చి పంపుతాడా? మీ ఇద్దరిలో ఒకరు నిజం చెప్పలేదు. ఆయన కాదని మీకూ నాకూ తెలుసు.

ఇక్కడ మాత్రం నాలుగు రోజుల్లో పోతుందన్నది పోలేదు, ముదిరింది.

పోయిన శుక్రవారం షావుకారు గారు కొట్టులో పనివాళ్ళందరినీ నిలబెట్టి, దేవుడి పటం ముందు పళ్ళెంలో కర్పూరం వెలిగించారట. సేటు దగ్గర ఏమీ తీసుకోలేదని చెప్పి ఒక్కొక్కరూ అరచేత్తో ఆ కర్పూరం ఆర్పాలి. కొట్టులో ఏ మాట పడినా తేల్చడానికి వాళ్ళ తాతల నాటి నుంచి అదే పద్ధతట. అబద్ధం చెప్పి ఆర్పితే ఇల్లు కూలుతుందని అక్కడ అందరూ నమ్ముతారు. ఆరిన కర్పూరం మళ్ళీ వెలిగించి, అందరూ వరసగా ఆర్పారు. కృపారావు గారు మన ప్రార్థన మందిరంలో పెద్ద, ఆయన కూడా కళ్ళు మూసుకుని ఆర్పేశారు. మీ తమ్ముడి వంతు వచ్చింది. ఆ తర్వాత జరిగింది సూరమ్మ గారు నాకు మాటకు మాట చెప్పారు.

"నేను తీసుకోలేదండి."

"అదే ఆర్పి చెప్పరా."

"ఒట్టు పెట్టుకోకూడదండి. పాస్టరు గారు చెప్పేరండి."

"పోనీ మీ ప్రభువు మీదే వెయ్యి."

"ఏ ఒట్టూ వెయ్యకూడదండి. అవునంటే అవునండి, కాదంటే కాదండి."

"మరి కృపారావు వేసేడు కదా?"

"ఆయన తప్పు చేసేరండి. ఆయ్."

అంతే. కర్పూరం దానంతట అది కాలి ఆరిపోయేదాకా అందరూ చూస్తూ నిలబడ్డారట. ఆర్పనివాడు తిన్నవాడే అని తేల్చేశారు. ఒక్కసారి చెయ్యి వేస్తే పోయేది. మీ తమ్ముడు వెయ్యరు. ఇప్పుడు కృపారావు గారికి కూడా కోపమొచ్చింది. సూరమ్మ గారి పేరు మీద నాకు ఉత్తరాలు వస్తున్నాయని ఆయన ఎవరితోనైనా అంటారేమోనని నాకు భయం. మీ ఉత్తరం కవరు అంచు రెండోసారి అతికించినట్టుంది. మీరే అలా అతికించారా?

షావుకారు గారు ఆయనను అటక దింపేశారు. ఇప్పుడు ఆయన పెరట్లో వలుపు దగ్గర ఉన్నారు. గునపానికి కాయ గుచ్చి పీచు వలవడం. పొద్దస్తమానం గునపాల చప్పుడు, లారీల హారన్లు, పక్కన మైకులా మోగే ఫోన్లు. దూది చాలడం లేదు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి తలకు దుప్పటి చుట్టుకుని కూర్చుంటారు. చేతులు కాయలు కాచాయి. ఆ చేతులతో కాయ ఊపినా, చెవుల్లో హోరుకు ఇప్పుడు తెలియడం లేదట.

దసరా తర్వాత ఉంచాలా పంపాలా తేలుస్తానని షావుకారు గారు అన్నారు. అందుకని అడుగుతున్నాను. చెప్పొద్దని మీరంటున్నది ఎవరి కోసం?

చిట్టి.


విశాఖపట్నం,
సెప్టెంబరు 26.

చిట్టీ,

కవరు నేనే రెండుసార్లు అతికించాను. రాసింది చించి మళ్ళీ రాశాను గనక.

మందుల షాపు సంగతి నువ్వు పట్టుకున్నావు. వాళ్ళు వాడిని మాన్పించలేదు. నేను వాళ్ళకు చెప్పనూ లేదు. భయపెడితే ఊరుకుంటావని అలా రాశాను. సిగ్గుగా ఉంది. కానీ ఆ మాట వింటే జనం ఏమంటారన్నది మాత్రం నేను కల్పించలేదు. ఆసుపత్రిలో పిల్లల తల్లులు ఎలా ఏడుస్తారో ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను.

మా అమ్మాయి రమ్యశ్రీకి సంబంధం కుదిరింది. కొత్తపేట వాళ్ళు. అబ్బాయి స్కూల్లో టీచరు. జనవరి 21న పెళ్ళి అనుకున్నాం. అబ్బాయి మేనత్త ఒకావిడ ఉంది, అన్నీ తరిచి చూసే మనిషి. మా వైపు ఎవరికైనా ఏదైనా లోపం ఉందా అని ఇద్దరు ముగ్గురిని అడిగిందట. పిల్ల మేనమామకు ఫలానా అని వింటే, పుట్టబోయే పిల్లలకు కూడా వస్తుందేమోనని వెనక్కి తగ్గుతారు. రమ్యకు ఇరవై తొమ్మిది. ఇదివరకు రెండు సంబంధాలు తప్పిపోయాయి. తను ఆ అబ్బాయిని ఇష్టపడింది. నేనేం చెయ్యను?

నీ పెళ్ళప్పుడు కూడా జీవన్‌తో, ఎవరికీ చెప్పొద్దని నేనే అన్నాను. నీకు చెప్పాల్సింది. చెబితే నువ్వు వద్దంటావని చెప్పలేదు. నువ్వు వచ్చాక వాడి మొహం తేటపడింది. అది చూసి నేను చేసింది మంచిదే అనుకున్నాను. కాదేమో.

జనవరి దాకా ఓర్చుకోండి. అంత కష్టంగా ఉంటే ఆ కొట్టు మానేసి వాడిని ఇక్కడికి పంపు, మా ఆసుపత్రి స్టోరులో అడుగుతాను. నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాననుకో.

రత్నమాల.


రాజోలు,
అక్టోబరు 14.

వదినగారికి,

మీరు నిజం రాసినందుకు నాకు కోపం తగ్గింది. అనుమానం మాత్రం తగ్గలేదు. జనవరి తర్వాత రమ్యకు కడుపు పండేదాకా అంటారేమో, తర్వాత ఇంకోటి అంటారేమో అని రోజూ అనుకున్నాను.

మనిద్దరం ఇన్ని కాగితాలు రాసుకున్నాం గానీ ఎవరి గురించి రాసుకుంటున్నామో ఆయనను మాత్రం అడగలేదు. దసరా వెళ్ళిన ఆదివారం, మందిరం నుంచి వచ్చాక కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. ఇది నాకెందుకు చూపించలేదని అడిగాను.

"అక్క చెప్పొద్దంది. దాచమనలేదు. అందుకే పెట్టెలో పైన పెట్టేను. రెండేళ్ళయింది, నువ్వు చూడలేదు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రమ్య సంబంధం సంగతి, మీరు జనవరి దాకా ఆగమన్న సంగతి అన్నీ చెప్పాను. షావుకారు గారికి చెబితే ఏమవుతుందో నాకు తెలియదన్నాను. చెప్పకపోతే దొంగ అన్న మాట ఉండిపోతుందన్నాను. మూడో రోజు ఆయన అన్నం కలుపుకుంటూ అన్నారు.

"రమ్య పెళ్ళి జనవరి ఇరవై ఒకటి. ఇరవై రెండున షావుకారు గారికి నేనే చెబుతాను. అప్పటిదాకా దొంగగా ఉంటాను. అక్కతో చెప్పు."

"ఉండగలరా?"

"చప్పుడులో ఉండలేను. దొంగగా ఉండగలను."

నేను మీతో ఆ మాట చెప్పలేదు. ఎందుకంటే నాకు జనవరి దాకా దొంగ పెళ్ళాంగా ఉండాలని లేదు. మర్నాడు ఆయనకు క్యారేజీ తీసుకెళ్ళే సంచీలో ఆ కాగితం పెట్టుకుని ఆటో ఎక్కి మలికిపురం వెళ్ళాను. ఆయన అన్నం తినడానికి కూర్చోగానే షావుకారు గారి చేతిలో పెట్టి వచ్చేయాలనుకున్నాను. ఆ పెద్దమనిషితో నేను ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ఆటోలో ఏం చెప్పాలో పెదాలతో అనుకుంటూ వెళ్ళాను.

నేను పెరట్లోకి అడుగు పెట్టేసరికి షావుకారు గారు అక్కడే ఉన్నారు.

"ఏరా జీవన్, దసరా వెళ్ళింది, మీ ఆవిడా వచ్చింది. ఆవిడ ముందే అడుగుతున్నా. నా దగ్గర నువ్వు ఏదైనా దాస్తున్నావా, లేదా?"

"దాస్తున్నానండి."

గునపాల చప్పుడు ఆగింది.

"ఏంటది?"

"జనవరి ఇరవై రెండున చెబుతానండి."

"ఇప్పుడు చెప్తే ఏం?"

"అప్పటిదాకా చెప్పకూడదండి."

"ఎవరు చెప్పొద్దన్నారు?"

"అదీ అప్పుడే చెబుతానండి. ఆయ్."

ఏడుకొండలు వెనకనుంచి, "దొంగతనానికి ముహూర్తం పెట్టిన మొగోడు వీడేనండి బాబూ" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. కృపారావు గారు కూడా నవ్వారు. షావుకారు గారు నవ్వలేదు. నావైపు తిరిగారు.

"ఏమ్మా, నీకు తెలుసా అదేంటో?"

"తెలుసండి."

"నువ్వైనా చెప్పు మరి."

నా చెయ్యి సంచీలో ఆ కాగితం మీదే ఉంది. మీ తమ్ముడిని చూశాను. ఆయన ఎప్పటిలాగే నా మొహంలోకి చూడటం లేదు. సంచీ వైపు చూస్తున్నారు. తెలిసి చూశారో, అన్నం కోసం చూశారో ఇప్పటికీ నాకు తెలియదు. ఇంత పెద్ద మాట ఆయన నోటితో తనే చెప్పుకోవాలని రోజు కూడా పెట్టుకున్నారు. ఆ రోజును నేను లాగేసుకుంటే, చెప్పొద్దని మీరు చేసినదానికీ, చెప్పేసి నేను చేసినదానికీ తేడా ఏముంది?

"ఆయన అన్న రోజునే చెబుతారండి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మీ తమ్ముడికి వినపడింది.

షావుకారు గారు సుద్దముక్క తీసుకుని కొట్టు తలుపు మీద జనవరి 22 అని రాశారు. "ఆ రోజు దాకా పనిలో ఉంటాడు. అటక మాత్రం ఎక్కడు. చెప్పేది విన్నాక తేలుస్తా" అన్నారు. క్యారేజీ ఇచ్చి వచ్చేశాను.

అందుకని వదినగారూ, ఇక మీరు వద్దన్నా ఆగదు. ఆ తారీఖు తలుపు మీద ఉంది. ఆయన నోటితో అన్నారు గనక ఆ రోజు చెబుతారు. పెళ్ళి ఒక్కరోజు కూడా వాయిదా పడకుండా చూసుకోండి.

ఇంకొకటి కూడా ఆలోచించండి. మీరు దాచమన్నది కొత్తపేట దాకా వెళ్ళలేదు. కానీ మలికిపురంలో కొబ్బరి లారీలు కొత్తపేట మీదుగా కూడా పోతాయి. ఆ మేనత్త గారు విచారించడానికి వస్తే, పిల్ల మేనమామ ఫలానా తీరు మనిషి అని వినరు. కొట్టులో కమీషను తిన్నాడని, ముహూర్తం పెట్టి దాస్తున్నాడని వింటారు. ఈ రెండిటిలో మీకు ఏది నయమో నాకు తెలియదు. ముందే చెప్పుకోమని మీరు ఫోన్ చేసి ఒక్క మాటంటే ఆయన ఆ సాయంత్రమే చెబుతారు, అటక ఎక్కుతారో ఇంటికొస్తారో తేలిపోతుంది. మీరు అనరని నా అనుమానం. అనకపోయినా ఆయన మిమ్మల్ని ఏమీ అనుకోరు. నిన్న కూడా, పెళ్ళికి మేనమామ ఎక్కడ నిలబడాలో, బ్యాండు ఎంత దూరంలో ఉంటుందో అక్కనడగమన్నారు.

ఈ ఉత్తరం చదివాక కాల్చేయండి. నేను సంచీలో కాగితం పెట్టుకుని వెళ్ళిన సంగతి ఆయనకు తెలియకూడదు. తెలిసినా ఆయన నన్ను ఒక్క మాట అనరు, నాకు భయం అదే. కాల్చానని నాకు జవాబు రాయకండి. మీరు రాస్తే నేను నమ్మలేను. ఎవరూ లేనప్పుడు పొయ్యిలో పెట్టి, పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడి చూడండి.

చిట్టి.